బరువు సున్నా

షబానా దగ్గర నుంచి కబురు లేక తొమ్మిదో నెల నడుస్తోంది. కువైట్‌లో పనికని వెళ్ళిన అక్క మొదట్లో వారానికోసారి ఫోను చేసేది. తరువాత నెలకోసారి చేసింది. ఆ తరువాత అదీ లేదు. ఇక ఊరుకోలేక రేహానా ఒక్కతే తణుకు వెళ్ళింది. అక్కను పంపించిన ఏజెంటు ఆఫీసు ఉండాల్సిన చోట చెప్పుల దుకాణం ఉంది. దుకాణదారు ఆమెకు స్టూలు వేసి మంచినీళ్ళిచ్చాడు గాని, అంతకు ముందు అక్కడ ఎవరుండేవారో తనకు తెలియదన్నాడు. చీకటి పడకముందే ఏలూరు వచ్చేసి, అన్నం వండి, నాన్నకు పెట్టి, తనూ తినేసి పడుకుంది. ఎక్కడికెళ్ళావని తండ్రి లాల్ బాషా అడగలేదు. తివాచీ మగ్గం ముందు కూర్చుని బతికిన మనిషి, మాటలు తక్కువ. భార్య పోయాక ఇంకా తగ్గాయి. పెద్దకూతురు వెళ్ళాక ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు.

ఆ తరువాత వచ్చిన శుక్రవారం జరిగిన సంగతి ఇది.

శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. నమాజు అయ్యాక అక్కడి యజమానులు పిల్లలతో సహా పెద్దవాళ్ళ ఇళ్ళకి భోజనాలకి పోతారు. ఇళ్ళల్లో మిగిలిపోయిన పనివాళ్ళకి ఆ కాస్త పొద్దే తమది. సరిగ్గా అప్పుడే ఇక్కడ భీమడోలులో, తాడేపల్లిగూడెంలో, తణుకులో, మండవల్లిలో 'ముఖాముఖి' కంపెనీవాళ్ళ వీడియో ఫోను బూతుల ముందు బెంచీలు నిండిపోతాయి. పిల్లలకి తల దువ్వి, పౌడరు రాసి తీసుకొస్తారు. కంప్యూటరు తెర మీద అమ్మ కనబడగానే కొందరు పిల్లలు ఏడుస్తారు. కొందరు గుర్తుపట్టరు.

ఆ బొమ్మలూ ఆ మాటలూ అన్నీ ఏలూరు పవర్‌పేటలో ఒక బట్టల కొట్టు పైన ఉన్న చిన్న గది గుండా పోవాలి. ఆ గదిలో మూడు సర్వర్లున్నాయి. వాటి ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ ఉంది. పెళ్ళి భోజనాల దగ్గర గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళని ఏ బంతిలో చోటుంటే ఆ బంతికి పంపే పెద్దమనిషి లాంటిది అది. ఎవరైనా ఒక సర్వరు మీద మాట మొదలుపెడితే ఆఖరిదాకా దాని మీదే సాగాలి. సగంలో లేపి ఇంకో బంతిలో కూర్చోపెట్టడం కుదరదు. ఆ పెద్దమనిషికి ఏం చెప్పాలన్నా రేహానా నల్లటి తెర ముందు కూర్చుని ఒక్కో కమాండూ కొట్టి చెప్పాలి. దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆపితే మూడు బంతుల్లోనూ విస్తళ్ళు లాగేసినట్టే.

రేహానా ఆ గదిలో ఉద్యోగానికి చేరి రెండేళ్ళు దాటింది. తలుపు వేస్తే ఏసీ హోరు తప్ప ఏమీ వినబడదు. ఇన్ని వందల మంది ఆ గదిలోంచి మాట్లాడుకుంటూ పోతుంటే ఆమెకు ఒక్క మాటా చెవిన పడదు. పడకూడదు కూడా, అది కంపెనీ నియమం. ఆమెకు కనిపించేవి అంకెలు మాత్రమే: ఏ బూతు నుంచి, ఏ సర్వరు మీద, ఎన్ని మాటలు నడుస్తున్నాయో. కువైట్ వైపు నుంచి కొత్త వరస ఒకటి తెర మీద పడినప్పుడల్లా ఆమె చూపు దాని మీద నిలిచేది. అది అక్క కావచ్చు. ఇంకెవరైనా కావచ్చు. అంకెకు ముఖం ఉండదు.

ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తుండగా కాలిన వాసన వచ్చింది. మొదట పప్పు మాడిందేమో అనుకుంది. లేచి వెతికితే మూడో సర్వరు వెనకనుంచి వస్తోంది. దానికి కరెంటు ఇచ్చే పెట్టెలో ఫ్యాను ఆగిపోయింది. చెయ్యి పెడితే పెట్టె పెనంలా ఉంది. దాన్ని ఆపేయాలి. అయితే దాని మీద ఆ వేళప్పుడు అరవై పైచిలుకు కుటుంబాలు మాట్లాడుకుంటున్నాయి.

బ్యాలెన్సర్ దగ్గర ప్రతి సర్వరుకీ ఒక బరువు రాసి ఉంటుంది. బరువు ఎక్కువున్న సర్వరుకి ఎక్కువమందిని పంపిస్తుంది, తక్కువున్నదానికి తక్కువమందిని. రేహానా మూడో సర్వరు బరువు సున్నా చేస్తూ కమాండ్ కొట్టింది. సున్నా అంటే జాబితాలోంచి ఆ సర్వరు పేరు కొట్టెయ్యడం కాదు. కొత్తవాళ్ళెవరినీ అటు పంపవద్దు, కూర్చున్నవాళ్ళని మాత్రం తిననివ్వు అని. పేరే కొట్టేసే కమాండ్ కూడా ఉంది. అది కొడితే ఎక్కడి మాట అక్కడ తెగిపోతుంది.

ఆ తరువాత ఇక చెయ్యగలిగింది చూస్తూ కూర్చోవడమే. ఒక్కొక్క కుటుంబం మాట ముగించుకుని లేచిపోతుంటే అంకె తగ్గుతూ వచ్చింది. భీమడోలువాళ్ళు లేచారు. గూడెంలో ఎవరో ఎంతకీ వదల్లేక వదల్లేక వదిలారు. రేహానా డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది.

బాపిరాజు గారు అప్పుడు పైకొచ్చారు. కంపెనీ ఆయనది, మేడ అద్దెకు తీసుకున్నదీ ఆయనే. యాభై దాటిన మనిషి. మెట్లెక్కితే ఆయాసపడతారు. వాసన కింద కొట్టుదాకా దిగిందనీ, కొట్టు యజమాని తనను రోడ్డు మీదే పట్టుకుని నిలదీశాడనీ చెప్పారు. రేహానా సంగతంతా వివరించి, మాటలు అయిపోతున్నాయి, అయిపోగానే ఆపేస్తానంది. ఆయన తెర వైపు చూసి, ఆ అంకెలు తనకు అర్థం కాకపోయినా తగ్గుతున్నాయని గ్రహించి, సరే త్వరగా కానివ్వమని కిందకి దిగిపోయారు.

అంకె పదికి దిగింది. అయిదుకి దిగింది. తరువాత ఒక మాట మిగిలింది. అది మాత్రం కదల్లేదు.

ఒక కొస మండవల్లి బూతుది, రెండో కొస కువైట్‌ది. రేహానా తెరనే చూస్తూ కూర్చుంది. వాసన ఘాటెక్కింది. ఏసీ చల్లదనంలో కూడా ఆ మూల వేడి ముఖానికి తగులుతోంది. ఎవరై ఉంటారు, ఏం మాట్లాడుకుంటున్నారు అని ఎన్నడూ లేనిది ఆ రోజు అనుకుంది. ఇంతసేపు మాట్లాడుకోవడానికి మాటలున్నవాళ్ళని తలుచుకుంటే కొంచెం అసూయ కూడా వేసింది.

బాపిరాజు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కూర్చోలేదు.

"ఇంకా ఎంతమందమ్మా?"

"ఒక్కరే సార్. మండవల్లివాళ్ళు."

"ఒక్కళ్ళేనా. మరి కట్ చేసెయ్యకపోయావా? కావాలంటే మళ్ళీ చేసుకుంటారు."

"ఇటువైపువాళ్ళు చేసుకుంటారు సార్. అటువైపువాళ్ళకి మళ్ళీ వీలవుతుందో లేదో మనకి తెలీదు."

ఆయన చొక్కా కాలరు వదులు చేసుకుని గోడకి ఆనుకున్నారు. కోపంగా ఏమీ లేరు. అదే రేహానాకి కష్టంగా ఉంది. శ్రావణ శుక్రవారం, కింద కొట్టు నిండా ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చీరలు చూస్తున్నారని, ఒక్క రవ్వ రాలితే ఆ ఇరుకు గుమ్మంలోంచి ఎవరూ బయటపడలేరని ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చారు. అవతల ఒక మనిషి మాట తెగుతుందని ఇవతల ఇంతమంది ప్రాణాలతో ఆడుకోలేను కదా అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఆమెకి ఏమీ దొరకలేదు.

రేహానా పేరు కొట్టేసే కమాండ్ టైపు చేసింది. ఎంటర్ ఒక్కటే మిగిలింది.

వేలు దాని మీద పెట్టి, ఆగిపోయింది. అక్క ఆఖరిసారి మాట్లాడిన ఫోను కూడా ఇలాగే మధ్యలో తెగింది. అప్పుడూ ఎక్కడో ఎవరో, తమ కారణం తమకుండి, ఇలాగే వేలు నొక్కి ఉంటారు.

"నువ్వు కొట్టలేకపోతే చెప్పమ్మా, నేను ప్లగ్గు తీసేస్తాను," అన్నారు బాపిరాజు గారు. "ఆ పాపం నాకే ఉంటుంది."

"ఒక్క ఫోను చేసి కనుక్కుంటాను సార్. ముగించమని వాళ్ళకే చెప్తాను."

బూతులో ఎవరు మాట్లాడుతున్నారని ఆఫీసు నుంచి అడగకూడదు. ఆ నియమం పెట్టిందీ ఆయనే. అయినా ఆయన తల ఊపారు.

మండవల్లి బూతు దేవకుమారి గారిది. పూర్వం బాలవాడీలో టీచరుగా పనిచేసి, అది మూతపడ్డాక ఇంటి ముందు గదిలో ఈ బూతు పెట్టుకున్నారు. ఫోను ఎత్తిన ఆవిడ గొంతు బాగా తగ్గించి మాట్లాడారు, ప్రార్థన జరుగుతున్న చోట నుంచి మాట్లాడినట్టు.

"ఎవరూ మాట్లాడట్లేదండి," అన్నారావిడ.

"మరి లైను నడుస్తోందండీ. కట్ చేయడం మర్చిపోయి వెళ్ళిపోయారా?"

"వెళ్ళలేదండి. యేసుదాసు గారు కూర్చునే ఉన్నారు. అవతలే ఎవరూ లేరు. కుర్చీ, గోడ కనబడుతున్నాయి. అంతేనండి."

రేహానా ఫోను స్పీకరు మీద పెట్టింది. దేవకుమారి గారు చెప్పింది బాపిరాజు గారు కూడా విన్నారు.

యేసుదాసు కొల్లేటి ఒడ్డున చేపల చెరువుకి కాపలా ఉండేవాడట. సర్కారువాళ్ళు చెరువుల గట్లు కొట్టేశాక ఆ పని పోయింది. కూతురు బ్లెస్సీ కువైట్ వెళ్ళింది. ఉన్నది ఆ ఒక్క కూతురే. శుక్రవారం శుక్రవారం ఈ వేళకి వచ్చి కూర్చుంటాడు. ఇవాళ బ్లెస్సీ రెండు మాటలు మాట్లాడి, నాన్నా, నువ్వు ఇది కట్ చెయ్యకు, ఎంతసేపైనా సరే లేవకు, నేను పైకెళ్ళి ఒకళ్ళని తీసుకొస్తాను అని చెప్పి లేచిపోయింది. ఆ ఇంటి యజమానురాలి కూతురు కంప్యూటరులో లైను కలిపిచ్చి చుట్టాల ఇంటికి వెళ్ళిపోయిందట. తెగితే మళ్ళీ కలపడం బ్లెస్సీకి రాదు. బ్లెస్సీ వెళ్ళి చాలాసేపయింది. ముసలాయన మంచినీళ్ళకి కూడా లేవలేదు. మౌసు తగిలితే ఎక్కడ తెగుతుందోనని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

బాపిరాజు గారు ఫోను దగ్గరికి వంగారు. "ఆయనిప్పుడు ఏం చేస్తున్నాడమ్మా?"

"చూస్తున్నారండి."

"దేన్ని?"

"గోడనండి."

బాపిరాజు గారు సర్వరు వైపు ఒకసారి, రేహానా వైపు ఒకసారి చూసి, గది బయటికి వెళ్ళిపోయారు. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. మెయిన్ స్విచ్చి ఉన్నది మెట్ల కిందే. రేహానా కుర్చీలో అలాగే ఉండిపోయింది. ఆపేస్తే ఆపేస్తారు, ఆయన న్యాయం ఆయనది అనుకుంది. తెర మీద ఆ ఒక్క వరసా ఏ క్షణాన మాయమవుతుందోనని చూస్తూ ఉంది.

వరస మాయం కాలేదు. బాపిరాజు గారు రొప్పుతూ పైకొచ్చారు. ఒక చేతిలో బట్టల కొట్టువాళ్ళ స్టాండు ఫ్యాను, రెండో చేతిలో ఇసక బకెట్టు. కొట్టులో ఉన్నవాళ్ళందరినీ ముందు వాకిట్లోకి పంపించమని చెప్పి వచ్చానన్నారు. సర్వరు పక్క రేకు ఊడదీయడం వచ్చా అని రేహానాని అడిగారు. ఆమె స్క్రూలు విప్పి రేకు లాగేసరికి వేడి గాలి గుప్పున వచ్చింది. ఆయన ఫ్యాను దాని ఎదురుగా పెట్టి, ఊగకుండా స్టాండు కాలితో తొక్కిపట్టి నిలబడ్డారు. పొగ కనబడిన మరుక్షణం పీకేస్తానని, అప్పుడు మాత్రం తనను ఏమీ అనవద్దని అన్నారు.

"మా అమ్మ ఇలాగే కూర్చునేది," అన్నారు కొంతసేపటికి, ఫ్యాను వైపే చూస్తూ. "మా నాన్న ఓడలో పనిచేసేవాడు. అప్పుడు చూసుకోవడానికి ఈ బొమ్మ కూడా లేదు."

రేహానా టైపు చేసి ఉంచిన కమాండు ఒక్కొక్క అక్షరమూ చెరిపేసింది. ఫోను బల్ల మీద అలాగే నడుస్తోంది. అటువైపు మండవల్లిలో గోడ గడియారం చప్పుడు, దారిన పోతున్న ట్రాక్టరు చప్పుడు వినిపిస్తున్నాయి. ముసలాయన ఒకసారి దగ్గాడు. ఆ దగ్గు విన్నాక రేహానాకి ఎందుకో గుండె కొంచెం తేలికపడింది. ఈ రెండేళ్ళలో బూతుల్లో కూర్చునేవాళ్ళ నుంచి ఆ గదిలో వినబడ్డ మొదటి చప్పుడు అది.

ముగ్గురు మనుషులు, ముగ్గురూ ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు, ఎక్కడో ఎడారి ఊళ్ళో ఖాళీ కుర్చీ కోసం కాచుకుని ఉన్నారు. బూతులో కూర్చున్న నాలుగోవాడికి ఆ సంగతి తెలియదు.

"వచ్చిందండి," అన్నారు దేవకుమారి గారు ఉన్నట్టుండి. "బ్లెస్సీ వచ్చింది. పక్కన ఇంకో అమ్మాయి ఉందండి."

యేసుదాసు గొంతు వినిపించింది. వచ్చావా అమ్మా, నేనేమీ ముట్టుకోలేదు అంటున్నాడు. బ్లెస్సీ ఏదో గబగబా చెప్పింది. మాటలు సరిగా అందలేదు. తరువాత దేవకుమారి గారు ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నారు.

"ఏవండీ, మీ పేరు రేహానా కదండీ?"

"అవునండి."

"ఈ అమ్మాయి ఏలూరు ఆఫీసులో రేహానా అనే ఆవిడ ఉంటుందా, ఎలాగైనా కబురు చెప్తారా అని అడుగుతోందండి. మీరు ఫోన్లోనే ఉన్నారని చెప్పాను. ఏడుస్తోందండి పాపం. మీకు అక్కనంటోంది."

రేహానా లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. ఎలా ఉందండీ మనిషి అని మాత్రం అడగగలిగింది. సన్నగా ఉందండి, తల మీద ముసుగు ఉంది, ముక్కు మీద చిన్న గాటు ఉంది అన్నారు దేవకుమారి గారు. చిన్నప్పుడు మగ్గం పలక తగిలి పడిన గాటది. అక్కను చూడ్డానికి రేహానాకి ఆ వేళ దొరికినవి వేరే ఒకావిడ కళ్ళు. ఇంకొంచెం చెప్పండి, ఏ రంగు బట్టలేసుకుంది, నవ్వుతోందా అని అడగాలనిపించింది.

దేవకుమారి గారు తన సెల్లు కంప్యూటరు స్పీకరు దగ్గర పెట్టారు.

"రేహానా?"

అదే గొంతు. కొంచెం బొంగురుపోయింది, అంతే.

"అక్కా."

"నాతో మాట్లాడతావా నువ్వు?"

రేహానాకి అర్థం కాలేదు. "అదేం మాటక్కా? నీ కబురు కోసం తొమ్మిది నెలలుగా నేను చూడని చోటు లేదు. మొన్న తణుకు కూడా వెళ్ళొచ్చాను."

"తొమ్మిది నెలలేంటి? నేను పోయిన శుక్రవారం కూడా మాట్లాడాను."

"ఎవరితో?"

"నాన్నతో."

ఫ్యాను తిరుగుతోంది. బాపిరాజు గారు తల తిప్పుకుని గోడ వైపు చూస్తున్నారు, విననట్టు. రేహానా కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

షబానా చెప్పుకుపోయింది. ఇంటి ఫోను తీసేశామని నాన్న గూడెంలో స్నేహితుడి కొట్టు నంబరు ఇచ్చారట. ప్రతి శుక్రవారం ఈ వేళకి అక్కడికే చేస్తుందట. ఆమె ఉండే ఇంట్లో కంప్యూటరు లేదు. పక్కవీధి బడ్డీలోంచే ఫోను. చెల్లికి ఇవ్వండి, ఒక్కసారి గొంతు వింటాను అని ఎప్పుడడిగినా నాన్న ఒకటే మాట అనేవారట: దానికి నీ మీద కోపంగా ఉందమ్మా, మాట్లాడనంటోంది, కొన్నాళ్ళు పోనీ. మొదట్లో ఏడ్చింది. తరువాత నమ్మింది. కింది ఇంట్లో పనిచేసే బ్లెస్సీ మేడ మీద బట్టలారేస్తూ, మా నాన్న బొమ్మ ఏలూరు నుంచి వస్తుందక్కా అని చెప్పాక, అది చెల్లి పనిచేసే ఆఫీసే అయి ఉంటుందని, నాన్నకు తెలియకుండా ఒక్కసారి ప్రయత్నించి చూద్దామనుకుంది. ఇవాళ గూడేనికి ఫోను చెయ్యలేదు. నాన్న అక్కడ చూస్తూ ఉంటారు అంది.

అవును, చూస్తూ ఉంటారు. జుమ్మా నమాజు కాగానే లాల్ బాషా ప్రతి శుక్రవారం పాసింజరు ఎక్కి గూడెం వెళ్తాడు. పాత నేతగాడొకడున్నాడు, పలకరించి వస్తానంటాడు. ఇంటి ఫోను సరిగా మోగడం లేదని తీసేయించిందీ ఆయనే. కొత్త సెల్ నంబరు అక్కకి చెప్పానని నిబ్బరంగా అన్నదీ ఆయనే. సాయంత్రం తిరిగొచ్చిన రోజున ఆయన ముఖం కాస్త తేటగా ఉండేది. స్నేహితుడితో పొద్దు పోయిందనుకునేది రేహానా. ఎదురుగా కూర్చుని, అక్క సంగతేమైనా తెలిసిందా నాన్నా అని ఆమె అడిగితే, తల అడ్డంగా ఊపి అన్నంలో చారు పోసుకునేవాడు. ఆ చెవుల్లో అప్పటికింకా అక్క గొంతు తడి ఆరి ఉండదు.

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఇద్దరూ ఒంటరివాళ్ళే అనుకుంది. ఒంటరిది తను ఒక్కతే.

"ఎందుకక్కా? నాన్న ఎందుకలా చెప్పారు?"

యేసుదాసు లేచి, మీరు మాట్లాడుకోండమ్మా, నేను వాకిట్లో ఉంటాను అనడం వినిపించింది. తలుపు దగ్గరగా వేసిన చప్పుడయింది. దేవకుమారి గారూ వెళ్ళిపోయినట్టున్నారు. ఇక మిగిలింది అక్క ఊపిరి ఒక్కటే.

"నేనెందుకు వెళ్ళానని నాన్న నీకు చెప్పారు?" అని అడిగింది షబానా.

"నువ్వే పట్టుబట్టావన్నారు. ఎంత చెప్పినా వినలేదన్నారు. నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను కదా. వచ్చేసరికే నువ్వు లేవు."

"పట్టుబట్టాను. అది నిజమే," అంది షబానా. "వీసా వచ్చింది నాకు కాదు రేహానా. నీకు. కంప్యూటరు ఉద్యోగం, ఆఫీసులో కూర్చునే పని అని ఆ ఏజెంటు చెప్తే నాన్న నమ్మారు. చిన్నది చదువుకుంది, దాని బతుకు బాగుపడుతుందని నిన్నడగకుండానే మాటిచ్చేశారు. నాకు నమ్మకం కుదరలేదు. తీరా వీసా వచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు వాడు. ఎవరో ఒకరు వెళ్ళాలన్నాడు. నీ పేరు మీదే నా ఫోటో పెట్టి పాస్‌పోర్టు వాడే చేయించాడు."

రేహానా రెండు చేతులతో ఫోను పట్టుకుంది.

"వచ్చి చూస్తే ఆఫీసూ లేదు, కంప్యూటరూ లేదు. నువ్వు కాకుండా నేనొచ్చాను, అంతవరకూ నయమే అనుకున్నాను. నాన్న ఆ సంగతి నీకెలా చెప్తారు? ఏ ముఖం పెట్టుకుని చెప్తారు? నేను ఫోన్లో ఎప్పుడైనా నోరు జారి చెప్పేస్తానని భయం. అందుకే నిన్ను నాకు దూరం పెట్టారు. పోనీలే, ఆయన్నేమీ అనకు."

"అక్కా..."

"ఇక్కడ నన్నెవరూ షబానా అనరు. మేడం అనదు, పిల్లలు అనరు, బ్లెస్సీ కూడా అనదు. అందరూ రేహానా అనే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు."

ఆ మాట అంటూ ఆమె నవ్వినట్టే ఉంది. ఫోనులో తెలియలేదు.

"ఇప్పుడు నిన్నొకటి అడగాలి. అడగడానికే వచ్చాను. ఇక్కడొకాయన నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. మంచివాడు, మన నెల్లూరువైపు మనిషి. కాగితాల మీద నీ పేరే రాయాలి. ఒకసారి రాస్తే ఇక ఆ పేరు నాదే అయిపోతుంది, నీకు తిరిగి రాదు. నీ పేరు నాకిచ్చేస్తావా?"